నాలుగు వందల దగ్గరి గీత

ముందుగా వేరు చేయవలసినవి వేరు చేస్తాను. మా పరిశోధన విద్యార్థి నూకరాజు తెచ్చిన టైటానియం పలకల మీద నైట్రోజన్ ఉన్నట్టు మా యంత్రం చూపింది. ఇది నిశ్చయం. ఆ కొలత నాది, దాని కింద సంతకం నాది. ఆ నైట్రోజన్ చాలావరకు పలకకు చెందినది కాదన్నదీ నిశ్చయమే. అది ఎలా తేలిందో కింద రాస్తాను. అయిదేళ్ళ పైచిలుకు పనిచేసి అతను డాక్టరేటు లేకుండా వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఇక విన్నవి. అతని ప్రొఫెసరు కావాలనే తప్పుడు ఫలితం రాయించాడని ఊళ్ళో మలంచా పేటలో చెప్పుకున్నారు. దానికి ఆధారం నాకు ఎక్కడా కనబడలేదు. నేను ఓర్వలేక కుర్రవాడి చదువు ఆపించానని అతనుండే పేట పూరీ గేట్‌లో అనుకున్నారు. ఓర్వలేనితనం నాలో లేదని నేను అనగలను గాని, నా గురించి నా మాటనే సాక్ష్యంగా తీసుకోమని మిమ్మల్ని అడగలేను. రాజుకు తెలివి చాలలేదన్నది మూడో మాట. అది అబద్ధం.

మరొక సంగతి. ఖరగ్‌పూర్‌లో పరిశోధన అనగానే అందరికీ ఒక పెద్ద విద్యాసంస్థ గుర్తుకొస్తుంది. నేను పనిచేసినది అక్కడ కాదు. ఇందా అనే పేట దాటాక ఒక అద్దె భవనంలో నడిచిన చిన్న ఉపరితల పరిశోధన కేంద్రంలో. అది ఇప్పుడు లేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఈ మధ్య మా తెలుగు కుటుంబాల పిల్లలు ప్రకటనలు నా ఫోనుకు పంపుతున్నారు. నానో పదార్థాలు, ఉపరితల శాస్త్రంలో పీహెచ్‌డీ అవకాశాలు అని ఉంటుంది. చేరమంటారా అని అడుగుతారు. ఒక్క మాటలో చెప్పలేక, నాకు తెలిసినది రాసి ఇస్తున్నాను.

పని ఎలా ఉండేది

ఏ వస్తువైనా బయటి ప్రపంచంతో వ్యవహరించేది దాని పై పొరతోనే. తుప్పు అక్కడ మొదలవుతుంది, రంగు అక్కడ అంటుకుంటుంది, మందు అక్కడ పనిచేస్తుంది. ఆ పై పొరలో ఏయే మూలకాలు ఉన్నాయో చెప్పే యంత్రాన్ని నేను ఇరవై ఎనిమిదేళ్ళు నడిపాను. వస్తువును గాలి లేని గదిలో పెట్టి దాని మీదికి ఎక్స్ కిరణాలు పంపుతాం. కొన్ని అణువుల మందం నుంచి మాత్రమే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. వాటి శక్తిని కొలిస్తే తెర మీద గీతలు పడతాయి. ఒక్కో మూలకానికి ఒక్కో చోటు. నైట్రోజన్ గీత నాలుగు వందల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పడుతుంది.

వినడానికి గొప్పగా ఉంటుంది. రోజూ చేసే పని మాత్రం ఎదురుచూడటం. గదిలోంచి గాలి పూర్తిగా పోయేదాకా ఎదురుచూడాలి. వర్షాకాలంలో అది రెండింతలు ఆలస్యం. కరెంటు ఒక్క క్షణం పోతే మళ్ళీ మొదటికి. మిగిలిన సమయమంతా కడగటం, తుడవటం, ఎవరో ఆశతో తెచ్చిన వస్తువు మీద వారు ఆశించినది లేదని చెప్పటం. ఈ చివరి పనిని ఏ ప్రకటనా పేర్కొనదు.

బిమల్‌దా

నా మొదటి అధికారి బిమల్‌దా. చేరిన కొత్తలో ఒక ఉక్కు ముక్క మీద నాకు సిలికాన్ కనిపించింది. అది ఉక్కు లోపలి నుంచి పైకి ఎలా చేరిందో వారం రోజులు కూర్చుని సిద్ధాంతం రాశాను. ఆయన కాగితం పొట్లంలోని మూరీ, అంటే మరమరాలు, తింటూ మొత్తం చదివారు.

"లక్ష్మీ, ఉక్కులోంచి వచ్చిందంటావు. కే దేఖేఛే?"

ఎవరు చూశారు అని బెంగాలీలో అడగటం ఆయన అలవాటు.

"యంత్రం చూపించింది దాదా."

"యంత్రం గీత చూపించింది. ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూపించిందా? ఖాళీ పళ్ళెం పెట్టు."

వస్తువు లేకుండా, దాన్ని బిగించే పళ్ళేన్ని మాత్రమే లోపల పెట్టి కొలిచాను. సిలికాన్ అలాగే ఉంది. తలుపు రబ్బరుకు పూసే గ్రీజు నుంచి వచ్చింది.

"బాః! ఇప్పుడు వెళ్ళి నీ సిద్ధాంతం ఆ పళ్ళేనికి చదివి వినిపించు," అన్నారు. గదిలో ఉన్నవారంతా నవ్వారు. నేను ఏడ్చాను.

ఏదైనా కొలిచే ముందు ఏమీ లేనిదాన్ని కొలవాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఈ పాఠం నాకు పూర్తిగా వచ్చేసిందని ఇరవై ఏళ్ళకు పైగా నమ్మాను. సగమే వచ్చిందని తరువాత తెలిసింది.

నూకరాజు

నూకరాజు తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. తండ్రి సన్యాసిరావు అక్కడే ఫిట్టరుగా రిటైరయ్యాడు. రాజు వారి ఇంట్లో ఎమ్మెస్సీ చదివిన మొదటివాడు. మా కేంద్రంలోని ఒక ప్రొఫెసరు దగ్గర, వేరే ఊరి విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకుని, పరిశోధనకు వచ్చాడు.

మొదటి రోజే నన్ను అడిగాడు. "మేడమ్, మీది ఏ ఊరు?"

"ఖరగ్‌పూరే."

"అది కాదు మేడమ్. అసలు ఊరు."

"టెక్కలి దగ్గర."

"అయితే మనోలే!"

"ఈ యంత్రం ముందు మనవాళ్ళు, పరాయివాళ్ళు లేరు. తొడుగులు వేసుకో," అన్నాను. అలా అన్నందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

అతని పని ఇది. టైటానియం పలక మీద, కంటికి కనిపించనంత సన్నని గొట్టాలను గడ్డి మొలిపించినట్టు మొలిపించాలి. వాటిలోకి నైట్రోజన్ ఎక్కిస్తే ఆ పలక మామూలు ఎండలోనే మురికి నీటిని శుభ్రం చేయగలదని ఆశ. ఇతరులు ఇందుకు ఘాటైన అమోనియా వాడతారు. రాజు మామూలు నైట్రోజన్ వాయువులో, తక్కువ వేడి మీద సాధించానన్నాడు. నైట్రోజన్ వాయువు దేనితోనూ అంత తేలిగ్గా కలవదు. అందువల్ల ఇది నిజమైతే పెద్ద విషయం. అందువల్లనే గట్టిగా అనుమానించవలసిన విషయం కూడా.

అనుమానించాననే అనుకున్నాను. నైట్రోజన్ ఎక్కించని గొట్టాల పలకలను పోలిక కోసం కొలిచాను. వాటిమీద గీత లేదు. రాజు పలకల మీద ఉంది. వాటిమీద సోడియం కూడా కనిపించింది. గొట్టాలు తయారుచేసే ద్రావణంలో సోడియం లవణం ఉంది కదా, దానిదే అనుకున్నాను. పైగా టైటానియం తాలూకు మరో గీత ఆ పక్కనే పడుతుంది కాబట్టి ఎంత ఉందో తేల్చడం కష్టం. కొద్దిగా క్లోరిన్ ఉంది. కడిగిన నీళ్ళది అనుకున్నాను. కార్బన్ ఎక్కువగా ఉంది. గాలి తగిలిన ప్రతి వస్తువు మీదా అది ఉంటుంది.

ప్రతి గీతకూ విడివిడిగా ఒక సంజాయిషీ దొరికింది. అన్నింటికీ కలిపి ఒకే కారణం ఉండవచ్చా అన్న ప్రశ్న నేను వేసుకోలేదు. సోడియం, క్లోరిన్, నైట్రోజన్, కార్బన్ ఒకేచోట ఎక్కడ ఉంటాయో పదో తరగతి పిల్లలు కూడా చెప్పగలరు. మనిషి చెమటలో ఉంటాయి.

ఈ ఫలితం మీద పరిశోధన పత్రికలో వ్యాసం అచ్చయింది. కేంద్రమంతా మిష్టి, బెంగాలీ మిఠాయిలు, పంచారు. వేరే రాష్ట్రంలోని ఒక బృందం తమకు ఈ ఫలితం రావడం లేదని ఉత్తరం రాసింది. ప్రొఫెసరు ఆ పలకలనే మళ్ళీ కొలవమన్నారు, కొలిచాను. గీత మళ్ళీ వచ్చింది. దానికి పునఃపరీక్ష అని పేరు పెట్టి సంతకం చేశాను.

పూరీ గేట్‌లో ఒక ఆదివారం

నా కుట్టుమిషనులో ఇరుసు చుట్టూ ఉండే బుష్షు అరిగిపోయింది. "మా నాన్న సేసిస్తాడు మేడమ్, రండి," అన్నాడు రాజు. పూరీ గేట్‌లో వాళ్ళ అరుగు మీద సన్యాసిరావు ఇనుప ముక్కలను పట్టి ఉంచే ఒక చిన్న వైస్ బిగించుకున్నాడు. మా వైపు అక్కను అప్ప అంటారు. అతను నన్ను అలాగే పిలిచాడు.

"కూకోండప్పా, టీ తాగండి. ఐదు నిమషాల పని."

ఆకురాయితో బుష్షును రుద్ది, వైస్‌లోంచి తీసి, దాని మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు బొటనవేలిని ఒక్కసారి తేలిగ్గా జరిపాడు.

"సూసినారా? కేలిపర్సయినా తప్పు సెప్తాది గానీ ఈ ఏలు సెప్పదు."

"మా నాన్న కూడా వర్క్‌షాపులో ఇలాగే చూసేవాడు సన్యాసీ."

"సూడకేటి! షాపులో పని నేర్సినోలందరం ఇంతే. మా ఓడు సిన్నప్పుడే పట్టీసినాడు. ఏరా?"

రాజు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గర్వంగానే అన్నాడు. "ఇప్పటికీ అంతే నాన్నా. ల్యాబులో కూడా ముందు ఏలితోనే సూస్తాను, అప్పుడే పళ్ళెంలో బిగిస్తాను."

నేను గ్లాసు కింద పెట్టాను.

అతను అలా చేయడం నేను ఎన్నోసార్లు చూశాను. అది నాకు ఆ క్షణంలో గుర్తుకొచ్చింది. మా ఎండకు చెమటతో జారే తొడుగును కుడిచేతినుంచి తీసి, పలక మీద ఇసుక రేణువేదీ లేదని బొటనవేలితో చూసి, స్పిరిట్‌లో ముంచి, ఆరబెట్టి, బిగించేవాడు. మరో ఊరినుంచి వచ్చిన విద్యార్థి అలా చేసి ఉంటే చేయి పట్టుకుని ఆపేదాన్ని. ఇతనిది మాత్రం కంటికి తప్పుగా ఆనలేదు. మా నాన్న వేలు కూడా అలాగే కదిలేది. పనివాడి శుభ్రతకు అది గుర్తు అని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. పోలిక కోసం పెట్టిన పలకలు నా దగ్గర ఉండేవి, వాటిని నేనే పట్టకారుతో బిగించేదాన్ని. అంటే నేను పోల్చినది నైట్రోజన్ ఎక్కిన పలకనూ ఎక్కని పలకనూ కాదు. నా చేతినీ అతని చేతినీ పోల్చాను.

రాజు నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

"మేడమ్, స్పిరిట్‌లో కడిగేస్తాను కదా?"

"పైన ఉన్న మరక పోతుంది రాజూ. గొట్టాల లోపలికి దిగినది పోతుందా?"

సన్యాసిరావు మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏటయిందప్పా? బుష్షు బాగులేదా?"

"బుష్షు బాగుంది సన్యాసీ," అన్నాను.

ఎనిమిది పలకలు

మర్నాడు ఎనిమిది పలకలు తీసుకున్నాం. అన్నింటి మీదా గొట్టాలున్నాయి, దేనిలోనూ నైట్రోజన్ ఎక్కించలేదు. నేను గది బయట ఉన్నాను. రాజు నాలుగింటిని అలవాటు ప్రకారం వేలితో చూసి స్పిరిట్‌లో కడిగాడు, మిగిలిన నాలుగింటిని పట్టకారుతో ముట్టాడు. ఏవి ఏవో కాగితం మీద రాసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను రెండు రోజులు కొలిచి, గీత ఉన్న నాలుగింటినీ పక్కకు తీశాను. అతను కాగితం విప్పి చూసి, నా చేతికి ఇచ్చాడు. ఒక్కటి కూడా తప్పలేదు.

"నాలుగూ నావే మేడమ్," అన్నాడు.

ప్రొఫెసరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన చెడ్డవాడు కాదు. రెండేళ్ళలో రిటైర్ కావలసినవాడు, ఈ ఫలితం మీద మరో పెద్ద ప్రతిపాదన పంపి ఎదురుచూస్తున్నవాడు.

"లక్ష్మీదీ, నాలుగు వందల దగ్గర గీత ఉందా, లేదా?"

"ఉంది స్యార్. ఎక్కడినుంచి వచ్చిందన్నది వేరే ప్రశ్న."

"ఆ ప్రశ్న ఇన్నాళ్ళకు వచ్చిందా? రెండు రిపోర్టుల మీదా మీ సంతకమే ఉంది, తాయ్ నా, అంతే కదా?"

"ఉంది స్యార్."

"మరి ఆ పలకలు ముంచిన రంగునీళ్ళు ఎండలో తెల్లబడ్డాయి కదా?"

"ఆ రంగు ఎండకు దానంతట అదే కొంత వెలిసిపోతుంది. ఎంతన్నది మనం విడిగా కొలవలేదు."

ఆయన రాజు వైపు తిరిగారు. "చూడు, థీసిస్ సమర్పణకు మూడు నెలలు. నువ్వు మాట్లాడకపోతే పరీక్షకులు అడగరు. మాట్లాడితే నీకు మళ్ళీ మొదలుపెట్టే సమయం లేదు. నేను అబద్ధం చెప్పమనడం లేదు. కీ కోర్బే, ఏం చేస్తావో నువ్వే ఆలోచించు."

ఆయన చెప్పిన లెక్క సరైనదే. రాజు పోగొట్టుకోబోయేది ఏమిటో మా ముగ్గురికీ తెలుసు. ఆ డాక్టరేటు ఉంటే అధ్యాపకుడవుతాడు. లేకపోతే ముప్పై ఏళ్ళ వయసులో, ఎమ్మెస్సీతో, ఇతరులు అయిదేళ్ళ క్రితం నిలబడిన వరుసలో నిలబడాలి. ఏం చేయమని అతను నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ నమ్మకంగా తెలియదు. తప్పులో సగం నాది. నష్టం మాత్రం మొత్తం అతనిది.

నాలుగు రోజుల తరువాత వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని రాజే పత్రికకు ఉత్తరం రాశాడు. ప్రొఫెసరు సంతకం పెట్టారు. నేనూ పెట్టాను.

సన్యాసిరావు ఒకసారి కేంద్రం గేటు దాకా వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అప్పా, మీరు సదువుకున్నోలు, నాకు తెల్దు గానీ అడుగుతున్నాను. నా ఏలి వల్లేనా ఆడి సదువు పోయింది?"

"నీ వేలి వల్ల కాదు సన్యాసీ. చూసి కూడా ఆపని నా కంటి వల్ల."

"మీరు మంచికి సెప్తన్నారు," అని చేయి చొక్కాకు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాత వైస్ విప్పి ఎవరికో ఇచ్చేశాడని విన్నాను. విన్నదే, చూడలేదు.

చేరబోయేవారికి

అవకాశం అన్న మాటను మీరు కొలవాలి. ప్రకటనలో ఉన్న పరికరాల పట్టిక చదవకండి. ఆ పరికరాలలో ఏది ఈ రోజు పనిచేస్తోందో, చెడితే ఎన్ని నెలలు ఆగాలో అక్కడ నడిపేవారిని అడగండి. డిగ్రీ పొందినవారి ఫొటోలు గోడ మీద ఉంటాయి. పొందకుండా వెళ్ళినవారి పేర్లు ఎక్కడా ఉండవు. అవి కనుక్కుని వారితో మాట్లాడండి. "నేను వెతికినది దొరకలేదు" అని నిజాయితీగా రాస్తే అది థీసిస్ అవుతుందా అని గైడును మొదటి రోజే అడగండి. అవదని ఆయన అంటే, లేక నవ్వితే, మీ అయిదేళ్ళూ ఒక గీత ఉండటం మీద ఆధారపడతాయి. అలా ఆధారపడ్డ మనిషికి గీత కనిపిస్తుంది.

పోలిక పలకనూ అసలు పలకనూ ఒకే చేత్తో, ఒకే బల్ల మీద, ఒకే రోజు ముట్టండి. మీ ఇంట్లో నేర్చుకున్న చేతివాటం ఏదైనా ఉంటే, అది ఎంత మంచిదైనా, మీ ఊరు కాని మనిషిని పక్కన నిలబెట్టుకుని చూడమనండి. బిమల్‌దా నాకు నేర్పిన పాఠంలో నాకు రాని సగం ఇదే.

ఇవన్నీ పాటిస్తే అన్యాయం జరగదని నేను హామీ ఇవ్వను. రాజు పాటించాడు. ఆలస్యంగా పాటించాడు.

తేలనిది

విశ్వవిద్యాలయం అతనికి మరో ఏడు నెలలు ఇచ్చింది. ఆ వ్యవధిలో పట్టకారుతో మాత్రమే ముట్టుకుంటూ ఆరు పలకలు కొత్తగా చేశాడు. అయిదింటి మీద నైట్రోజన్ లేదు. ఆరో దాని మీద నాలుగు వందల దగ్గర ఏమీ లేదు గాని, మూడు వందల తొంభై ఆరు దగ్గర ఒక చిన్న ఉబ్బు కనిపించింది. నైట్రోజన్ నిజంగా టైటానియంతో కలిస్తే గీత పడవలసిన చోటు అది. చెమట గీత అక్కడ పడదు.

అప్పటికి మా ఎక్స్ కిరణాల గొట్టం చివరి దశలో ఉంది. సంకేతం చాలా బలహీనం. ఆ ఉబ్బు గీత కావచ్చు, ఊరికే వచ్చిన ఒడిదుడుకు కావచ్చు. రాత్రంతా కొలిస్తే తేలుతుందని పెట్టాను. నలభై నిమిషాలకు గొట్టం కాలిపోయింది. కొత్తది మంజూరు కాలేదు. వేరే ఊళ్ళోని యంత్రం దగ్గర వంతు వచ్చేసరికి రాజు గడువు ముగిసింది. మరుసటి ఏడాది కేంద్రం మూతపడింది.

ఆ ఆరో పలక ఇంకా ఉంది, నా దగ్గర డబ్బాలో. కొలవడం వల్ల ఇప్పుడు ప్రయోజనం లేదు. ఇన్నేళ్ళు గాలి తగిలాక దాని పై పొర ఆనాటిది కాదు. మళ్ళీ చేద్దామంటే, దాన్ని చేసిన రోజు కొలిమి నడుస్తుండగా కరెంటు పోయి వచ్చింది, వేడి ఎంతకు ఎగబాకిందో నమోదు కాలేదు. ఎవరైనా ఒకరు రెండేళ్ళు వెచ్చించి రకరకాల వేడిమి మీద చేసి చూస్తే తేలవచ్చు. లేదని తేలడానికి రెండేళ్ళు ఎవరూ ఇవ్వరు.

రాజు ఇప్పుడు ఒడిశాలో ఒక రంగుల కర్మాగారంలో నాణ్యత పరీక్షకుడు. నిరుడు ఫోన్ చేశాడు. కుశల ప్రశ్నలు అయ్యాక అడిగాడు.

"మేడమ్, ఆ ఆరోదాంట్లో ఉన్నాదంటారా?"

"తెలియదు రాజూ."

"తెల్దని నాకూ తెలుసు. మీకేటి అనిపించింది?"

"కొలత పూర్తికాలేదు."

"ఇప్పుడు పేపరు లేదు, డిగ్రీ లేదు మేడమ్. మీరు ఏటి సెప్పినా ఎక్కడా రాయను. ఒక్కసారి సెప్పండి."

ఉందని చెబితే అతను మోసిన అయిదేళ్ళకు ఒక అర్థం దొరికేది. లేదని చెబితే బహుశా మరిచిపోగలిగేవాడు. రెండింటిలో దేనికీ నా దగ్గర ఆధారం లేదు. తెలియదనే మళ్ళీ చెప్పాను.

"ఠీక్ హై మేడమ్," అని ఫోన్ పెట్టేశాడు.